మంచినీటి సరఫరాలో తోటివారి నుంచి నేర్చుకోవడం – ఒక పరిశీలన



ఉపోద్ఘాతం

హాస్టల్‌లో కొత్తగా చేరిన పిల్లవాడికి మొదటి పాఠం చెప్పేది పక్క మంచం మీది సీనియరు. ఏ కుళాయికి తెల్లవారుజామున నీళ్లు వస్తాయో, ఏ సబ్జెక్టుకు ఎవరి నోట్సు బాగుంటుందో, స్కాలర్‌షిప్ కోసం ఆదాయ ధ్రువీకరణ పత్రానికి ఎన్ని రోజుల ముందు దరఖాస్తు పెట్టుకోవాలో ఏ పుస్తకంలోనూ ఉండదు. మా ఇంట్లో మాకు ముందు డిగ్రీ చదివినవాళ్లు లేరు. పీజీకి ప్రవేశ పరీక్ష ఉంటుందని, దానికి ఫలానా తేదీలోగా ఫారం పంపాలని మాకు చెప్పినది ఒక సీనియర్ అన్నయ్యే. ఆయన ఆ మాట తన దగ్గరే దాచుకుని ఉంటే ఈ వ్యాసం రాసేవాళ్లం కాదు.

ఊళ్లకు, పట్టణాలకు మంచినీళ్లు అందించే అధికారులకు, ఇంజినీర్లకు, ఫిట్టర్లకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. ఒక ఊరివారికి తెలిసిన ఉపాయం పక్క ఊరివారికి తెలియకపోతే ఏమవుతుందో మేము కళ్లారా చూశాం.

తిత్లీ నేర్పిన పాఠం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. దసరా సెలవులు కావడంతో మేము మూలపేటలో ఇంటి దగ్గరే ఉన్నాం. తెల్లారి చూస్తే కొబ్బరి చెట్లు, జీడి చెట్లు నేలకూలి ఉన్నాయి. కరెంటు స్తంభాలు విరిగిపోయాయి. కరెంటు లేదు కాబట్టి మోటారు లేదు, మోటారు లేదు కాబట్టి ట్యాంకులో చుక్క లేదు. వీధంతా బిందెలు పట్టుకుని పాత నుయ్యి దగ్గరికి వెళ్లాం. అందులో మట్టలు, ఆకులు, బురద. ఎంత నీరు తోడి పారబోయాలో, బ్లీచింగ్ పౌడరు ఎంత కలపాలో మా ఈడువాళ్లలో ఒక్కరికీ తెలియదు. ఒక ముసలమ్మ గట్టు మీద నిలబడి చెబుతుంటే చేశాం.

నాలుగో రోజున ఒక సంగతి తెలిసింది. కొద్ది దూరంలోనే ఉన్న మరో ఊరివాళ్లు ట్రాక్టరుకు డైనమో బిగించి, దాంతో మోటారు తిప్పి, రెండో రోజుకే ట్యాంకు నింపుకున్నారట. మా దగ్గరా ట్రాక్టర్లు ఉన్నాయి. లేనిదల్లా ఆ కబురు. ఇందులో ఎవరి తప్పూ లేదు. దారి మూసుకుపోయింది, ఫోన్లు పనిచేయలేదు. అయితే తుపాను రాకముందే ఆ రెండు ఊళ్ల మోటారు ఆపరేటర్లు ఒకసారి కూర్చుని మాట్లాడుకుని ఉంటే ఆడవాళ్లు మూడు రోజులు అంత కష్టపడేవారు కాదు.

అంతకు నాలుగేళ్ల ముందు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖపట్నంలోనూ జరిగింది ఇదే. కరెంటు పోవడంతో పంపింగ్ ఆగి, నీళ్లున్నా నగరానికి అందలేదు. ఒక చోట నేర్చుకున్న పాఠం ఇంకో చోటికి ఎలా చేరుతుంది? ఈ వ్యాసంలో మనం తెలుసుకోబోయే విషయం ఇదే.

తోటివారి నుంచి నేర్చుకోవడం అంటే ఏమిటి?

శిక్షణ పై నుంచి కిందికి వస్తుంది. ఒక నిపుణుడు చెబుతాడు, మిగతావాళ్లు రాసుకుంటారు. తోటివారి నుంచి నేర్చుకోవడం అడ్డంగా సాగుతుంది. ఒక పట్టణ కమిషనరు మరో పట్టణ కమిషనరుతో, ఒక ఇంజినీరు మరో ఇంజినీరుతో, ఒక ఫిట్టరు మరో ఫిట్టరుతో తాము చేసిన పనిని, పడిన ఇబ్బందిని, చేసిన పొరపాటును పంచుకోవడమే ఇది. ఇద్దరిదీ ఒకే ఉద్యోగం కాబట్టి, అడగడానికి సిగ్గు ఉండదు.

దీని అవసరం నీటి శాఖకు ఎక్కువ. కారణాలు మూడు.

1. పోటీ లేకపోవడం: ఒక ఊరికి ఒకే నీటి సంస్థ ఉంటుంది. కిరాణా కొట్టు బాగోకపోతే ఇంకో కొట్టుకు పోతాం. కుళాయి నీళ్లు బాగోకపోతే ఇంకో మున్సిపాలిటీ కుళాయి పెట్టించుకోలేం. అందుచేత పక్క పట్టణంతో పోల్చుకుంటే తప్ప తాము బాగా చేస్తున్నామో లేదో ఆ సంస్థకే తెలియదు.

2. బదిలీలు: కమిషనరు కొన్నాళ్లు ఉండి వెళ్లిపోతారు. ఆయన కష్టపడి నేర్చుకున్నది ఆయనతోనే వెళ్లిపోతుంది.

3. రాయని జ్ఞానం: ఏ వీధిలో పైపు ఎంత లోతున ఉందో, ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పితే చివరి ఇంటికి నీళ్లు ఎక్కుతాయో పాత ఫిట్టరు బుర్రలో ఉంటుంది. ఆయన రిటైరైతే ఆ పటం కూడా రిటైరైనట్టే.

ఒకే కొలబద్ద కావాలి

ఇద్దరు విద్యార్థుల మార్కులు పోల్చాలంటే ఇద్దరూ ఒకే పరీక్ష రాయాలి. పట్టణాల మధ్య పోలిక కూడా అంతే. ఇందుకోసం కేంద్ర పట్టణాభివృద్ధి మంత్రిత్వ శాఖ 2008లో సేవా ప్రమాణాల చేతిపుస్తకం తెచ్చింది. అందులో నీటి సరఫరాకు తొమ్మిది సూచికలు, వాటికి లక్ష్యాలు ఉన్నాయి. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఇవి రాసుకోండి.

1. కుళాయి కనెక్షన్లు ఉన్న ఇళ్లు – 100 శాతం
2. తలసరి నీరు – రోజుకు 135 లీటర్లు
3. మీటర్లున్న కనెక్షన్లు – 100 శాతం
4. ఆదాయం రాని నీరు – 20 శాతానికి మించరాదు
5. సరఫరా సమయం – రోజుకు 24 గంటలు
6. నీటి నాణ్యత – 100 శాతం
7. ఫిర్యాదుల పరిష్కారం – 80 శాతం
8. ఖర్చు తిరిగి రాబట్టడం – 100 శాతం
9. బిల్లుల వసూలు – 90 శాతం

ఇందులో నాలుగోది లెక్క వేసి చూద్దాం. ఒక పట్టణం రోజుకు 50 లక్షల లీటర్లు పంపు చేస్తున్నదనుకుందాం. బిల్లు పడేది 30 లక్షల లీటర్లకే. తేడా 20 లక్షలు, అంటే 40 శాతం. ఇదంతా పైపుల లీకేజీలు, దొంగ కనెక్షన్లు, పనిచేయని మీటర్ల పాలు. దీన్ని 20 శాతానికి తగ్గిస్తే 10 లక్షల లీటర్లు మిగులుతాయి. మనిషికి 135 లీటర్ల చొప్పున సుమారు 7,400 మందికి సరిపోయే నీరు అది. కొత్త బోరు అక్కర్లేదు, కొత్త చెరువు అక్కర్లేదు. అది ఎలా తగ్గించాలో తగ్గించినవాళ్లను అడిగితే చాలు.

పల్లెలకు కొలత వేరు. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ ప్రకారం గ్రామాల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలి.

కొన్ని ఉదాహరణలు

(అ) హైదరాబాద్: హైదరాబాద్ జలమండలి 1989లో ఏర్పడింది. 1990 దశకం చివర అక్కడ ఫిర్యాదుల పద్ధతిని మార్చారు. 155313 అనే నంబరుకు ఫోన్ చేస్తే ఫిర్యాదు నమోదై, అది తీరిందో లేదో పై అధికారులకు తెలిసేలా ఏర్పాటు చేశారు. కొత్త కనెక్షన్‌కు పది బల్లలు తిరగకుండా ఒకేచోట దరఖాస్తు తీసుకోవడం మొదలుపెట్టారు. ఈ మార్పులను గురించి పరిశోధకులు రాయడంతో ఇవి మిగతా రాష్ట్రాల నీటి సంస్థలకు చదువుకోదగ్గ పాఠమయ్యాయి. అదే నగరంలో 2009 మేలో భోలక్‌పూర్‌లో కలుషిత నీరు తాగి ప్రాణనష్టం జరిగింది. మంచి పేరున్న సంస్థ దగ్గర కూడా విజయం నుంచి ఒక పాఠం, విషాదం నుంచి ఒక పాఠం ఉంటాయి. రెండోది అడిగి తెలుసుకునేవాళ్లే తక్కువ.

(ఆ) పెర్ల్ కార్యక్రమం: 2005 డిసెంబరు 3న జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ పథకం మొదలైంది. అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం నుంచి హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం అందులో చేరాయి. ఆ నగరాలు ఒకదాని అనుభవం ఒకటి తెలుసుకోవడానికి 2007లో పెర్ల్ అనే కార్యక్రమం పెట్టారు. ఢిల్లీలోని జాతీయ పట్టణ వ్యవహారాల సంస్థ దాన్ని నడిపింది. నగరాలన్నిటినీ ఒకే గదిలో కూర్చోబెట్టకుండా, ఒకే స్వభావం ఉన్నవాటిని గుంపులుగా చేశారు. పారిశ్రామిక నగరం కష్టం మరో పారిశ్రామిక నగరానికే బాగా అర్థమవుతుంది. 1956లో హైదరాబాద్‌లో ఏర్పడిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో కూడా మున్సిపల్ అధికారులకు పట్టణ పాలనపై తరగతులు జరుగుతుంటాయి. అలాంటి చోట తరగతిలో విన్నదానితోపాటు టీ తాగుతూ పక్కవాళ్లను అడిగి తెలుసుకున్నది కూడా పనికొస్తుంది.

(ఇ) హుబ్లీ–ధార్వాడ: కర్ణాటకలో హుబ్లీ–ధార్వాడ, బెళగావి, కలబుర్గి నగరాల్లో కొన్ని వార్డులను ఎంచుకుని 2008 నాటికి 24 గంటలూ నీళ్లివ్వడం మొదలుపెట్టారు. నగరంలో పదో వంతు జనానికి ముందు చేసి చూపించారు. దీనివల్ల తెలిసిన ముఖ్యమైన సంగతి ఏమిటంటే – నీళ్లు ఆపి ఆపి ఇచ్చినప్పుడు పైపు ఖాళీ అవుతుంది. ఖాళీ పైపు చుట్టుపక్కల మురుగును పగుళ్లలోంచి లోపలికి పీల్చుకుంటుంది. ఎప్పుడూ నిండుగా ఉన్న పైపులో ఆ ప్రమాదం తక్కువ. నిరంతరం నీళ్లు వచ్చే వార్డుల్లో కాలుష్యం తక్కువగా ఉందని అక్కడ జరిగిన అధ్యయనంలో తేలింది. 2018 మార్చిలో మన గుంటూరు నగరంలో తాగునీరు కలుషితమై అతిసారం ప్రబలిన సంగతి తెలిసినవారికి ఈ పాఠం విలువ వేరే చెప్పనవసరం లేదు.

(ఈ) పూరీ: పలాసలో రైలెక్కితే ఒక్క పూటలో చేరుకోగలిగే ప్రయాణం. 2021 జులై 26న ఒడిశా ప్రభుత్వం పూరీ పట్టణమంతటా కుళాయి నీటిని నేరుగా తాగే ఏర్పాటు ప్రారంభించింది. పట్టణం మొత్తానికి అలా చేసిన మొదటి ఊరు మన దేశంలో అదే. అక్కడ జలసాథీలు అని స్వయం సహాయక సంఘాల మహిళలు ఉన్నారు. ఇంటింటికీ వెళ్లి మీటరు చూడడం, బిల్లు ఇచ్చి డబ్బు వసూలు చేయడం, నీటిని పరీక్షించి చూపించడం వాళ్ల పని. మన జిల్లాలో ఊరూరా డ్వాక్రా సంఘాలు ఉన్నాయి. భాష వేరైనా తీరం ఒకటే, తుపాన్లు ఒకటే. మనవాళ్లు మొదట వెళ్లి చూడవలసిన ఊరు అదేనని మా అభిప్రాయం.

(ఉ) నాంపెన్: కంబోడియా రాజధాని నాంపెన్ యుద్ధాలతో పాడైపోయిన నగరం. 1993లో అక్కడ పంపు చేసిన నీటిలో 72 శాతం లెక్కకు రాకుండా పోయేది. ఆ ఏడాది ఏక్ సొన్ చాన్ అనే ఇంజినీరు నీటి సంస్థ అధిపతి అయ్యారు. మీటరు పెట్టడానికి ఒక సైన్యాధికారి ఇంటికి వెళితే ఆయన చాన్ తలకు తుపాకీ గురిపెట్టాడు. చాన్ వెనక్కి తగ్గలేదు, ఆ ఇంటి కనెక్షన్ తీసేయించారు. ఆ నష్టం ఏళ్ల తరబడి కృషితో దాదాపు 6 శాతానికి తగ్గింది. 2006లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. ఆ నగరానికి చేయి అందించినవారిలో జపాన్‌లోని కిటాక్యుషు నగర నీటి శాఖ ఇంజినీర్లు ఉన్నారు. తర్వాత నాంపెన్ ఉద్యోగులే తమ దేశంలోని చిన్న పట్టణాల సిబ్బందికి గురువులయ్యారు. మన సీనియర్ల పద్ధతి కూడా ఇదే కదా! ఒకరి దగ్గర నేర్చుకున్నవాడు మరొకరికి నేర్పాలి.

మన ఉద్దానం సంగతి

ఉద్దానంలో నీళ్ల మాట ఎత్తితే కిడ్నీ జబ్బు మాట వస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం ప్రాంతాల్లో ఎన్నో ఇళ్లలో ఈ జబ్బు ఉంది. దీనికి ఫలానాదే కారణమని పరిశోధనలు ఇప్పటివరకు నిర్ధారించలేదు. నీరే కారణమని మేమూ అనడం లేదు. కారణం తేలేవరకు చేతనైన పని ఒకటుంది. అది నమ్మదగిన నీరు అందించడం.

ఆ ఉద్దేశంతో హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని పైపుల ద్వారా తెచ్చే రూ.700 కోట్ల పథకాన్ని చేపట్టారు. పలాస, ఇచ్ఛాపురం నియోజకవర్గాల్లోని ఏడు మండలాలు, 807 గ్రామాలు దీని పరిధి. 2023 డిసెంబరు 14న దీన్ని ప్రారంభించారు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం కూడా అదే రోజు ప్రారంభమయ్యాయి.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. పైపు ఒక్కటైనా చివర కుళాయిలను చూసుకునేవాళ్లు చాలామంది. ఊళ్లలో గ్రామీణ నీటి సరఫరా విభాగం, పంచాయతీలు చూస్తాయి. పట్టణాల్లో మున్సిపాలిటీలు చూస్తాయి. ఎగువ ఊళ్లో పైపు పగిలితే దిగువ ఊళ్లో ట్యాంకు నిండదు. ఒక చోట క్లోరిన్ తగ్గిందంటే ఇంకో చోట కూడా చూసుకోవాలి. ఇలాంటి చోట పలాస–కాశీబుగ్గ, ఇచ్ఛాపురం మున్సిపల్ ఇంజినీర్లు, మండలాల ఏఈలు, పాత ఫిట్టర్లు నెలకొకసారి ఒక చెట్టు కింద కూర్చున్నా లాభమే. "ఈ నెల మా దగ్గర ఏం పాడైంది, ఎలా బాగుచేశాం" అన్న రెండు మాటలు చెప్పుకుంటే చాలు.

మా మూలపేట సంతబొమ్మాళి మండలంలో ఉంది. ఆ ఏడు మండలాల్లోకి రాదు. ఒక పక్క సముద్రం, మరో పక్క నౌపడ ఉప్పు మడులు. తీయని నీటి విలువ మా అమ్మమ్మల కాలం నుంచి తెలిసిన ఊరు. 2023 ఏప్రిల్ 19న ఇక్కడ పోర్టుకు శంకుస్థాపన జరిగింది. పోర్టుతో పాటు జనం వస్తారు, ఇళ్లు వస్తాయి, బోర్లు వస్తాయి. సముద్రపు ఒడ్డున తీయని నీటిని మితిమీరి తోడితే ఆ ఖాళీలోకి ఉప్పునీరు వస్తుంది. ఒకసారి ఉప్పెక్కిన నుయ్యి మళ్లీ తీయబడడం సులువు కాదు. పల్లె పట్టణంగా మారేటప్పుడు ఎదురయ్యే ఈ కష్టాన్ని రేవు పట్టణాలన్నీ ముందే చూశాయి. వాళ్లు చేసిన పొరపాటు మనమూ చేసి నేర్చుకోవాలా, అడిగి నేర్చుకోవాలా?

అడ్డంకులు

1. తప్పును దాచడం: "మా దగ్గర అన్నీ బాగున్నాయి" అని చెప్పే సమావేశంలో ఎవరూ ఏమీ నేర్చుకోరు. ఒప్పుకున్నవాళ్లకు మెమో ఇస్తే రెండోసారి ఎవరూ నోరు విప్పరు.

2. విహారయాత్ర: చూసి రమ్మని పంపితే గుడి, బీచ్ చూసి ఫొటోలతో తిరిగి రావడం. వెళ్లేముందు మూడు ప్రశ్నలు, వచ్చాక మూడు పనులు కాగితం మీద ఉండాలి.

3. గుడ్డిగా అనుకరించడం: పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు కాకూడదు. పెద్ద నగరం కొన్న యంత్రం చిన్న పట్టణం కరెంటు బిల్లుకే సరిపోకపోవచ్చు. తనలాంటి ఊరిని చూసి నేర్చుకోవాలి.

4. కింది సిబ్బందిని పిలవకపోవడం: వాల్వు తిప్పేవాళ్లు లేని సమావేశంలో నీటి గురించి సగమే తెలుస్తుంది.

హాస్టల్ విద్యార్థులుగా మనం చేయగలిగినవి

ఇదంతా అధికారుల పని అనుకోవద్దు. హాస్టల్ కూడా ఒక చిన్న నీటి సంస్థే. బోరు, మోటారు, ట్యాంకు, పైపులు, కుళాయిలు అన్నీ ఇక్కడా ఉన్నాయి.

1. ట్యాంకు పుస్తకం: ట్యాంకు కడిగిన తేదీ, మోటారు బాగుచేసిన తేదీ, ఎవరిని పిలిచాం, ఎంత ఖర్చయింది అన్నీ ఒక పుస్తకంలో రాయండి. పరీక్షలై వెళ్లేటప్పుడు దాన్ని జూనియర్ల చేతిలో పెట్టి వెళ్లండి.

2. బ్లీచింగ్ లెక్క: వెయ్యి లీటర్ల నీటికి మంచి బ్లీచింగ్ పౌడరు సుమారు 2.5 గ్రాములు. పదివేల లీటర్ల ట్యాంకుకు 25 గ్రాములు. పొడిని నేరుగా చల్లకూడదు. బకెట్టులో నీళ్లతో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే పోయాలి. గంట ఆగి వాడాలి. మూత తీసి ఉంచిన పౌడరుకు బలం ఉండదు. మొదటిసారి ఆరోగ్య సిబ్బంది సమక్షంలో చేయండి.

3. క్లోరిన్ పరీక్ష: భారతీయ ప్రమాణాల ప్రకారం కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. క్లోరోస్కోపుతో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. పరీక్ష ట్యాంకు దగ్గర కాదు, చివరి కుళాయి దగ్గర చేయాలి.

4. తుపాను కబురు: హెచ్చరిక రాగానే ట్యాంకు, డ్రమ్ములు నింపుకోవాలి. చుట్టుపక్కల జనరేటరు, ట్రాక్టరు డైనమో ఎవరి దగ్గర ఉన్నాయో ముందే రాసి గోడకు అంటించాలి.

5. పూర్వ విద్యార్థులకు మనవి: మనలో కొందరు గ్రామ సచివాలయాల్లో ఇంజినీరింగ్ అసిస్టెంట్లుగా, వార్డు ఎమినిటీస్ కార్యదర్శులుగా పనిచేస్తున్నారు. ఏడాదికి ఒకసారి వార్షికోత్సవానికి వచ్చినప్పుడు ఒక గంట తమ్ముళ్లకు, ఒక గంట ఒకరికొకరు కేటాయించండి. మీ ఊళ్లో ఏం ఫలించిందో, ఏది ఫలించలేదో చెప్పండి.

ముగింపు

నీరు పల్లానికి పారుతుంది. తెలివి మాత్రం తానుగా పారదు, ఎవరో ఒకరు కాలువ తవ్వాలి. తిత్లీ తర్వాత మూలపేట నూతి గట్టు మీద నిలబడి మాకు దారి చూపిన ముసలమ్మ ఇప్పుడు లేదు. ఆమె చెప్పింది ఆ రోజు మాలో ఎవరూ రాసుకోలేదు. గుర్తున్నంత వరకు పైన రెండో అంశంలో, పుస్తకాల్లో చదివినదానితో సరిచూసి రాశాం. దాన్ని మీరు ఇంకొకరికి చెబితే మా శ్రమ ఫలించినట్టే.

మననం చేసుకోండి

1. శిక్షణకు, తోటివారి నుంచి నేర్చుకోవడానికి తేడా ఏమిటి?
2. నీటి సరఫరాకు ఉన్న తొమ్మిది సూచికలు, లక్ష్యాలు రాయండి.
3. ఒక పట్టణం రోజుకు 80 లక్షల లీటర్లు పంపు చేసి 52 లక్షల లీటర్లకు బిల్లు వేస్తే ఆదాయం రాని నీరు ఎంత శాతం? (జవాబు: 35)
4. నీళ్లు ఆపి ఆపి ఇస్తే కాలుష్యం ఎందుకు పెరుగుతుంది?
5. మీ ఊరి ట్యాంకు చివరిసారి ఎప్పుడు కడిగారు? తెలియకపోతే ఎవరిని అడగాలి?